ఆలస్యమ్మ ఆరో ప్లేటు

గాజు ప్లేట్లని ఎండలో పెట్టకూడదని ఉపన్యాసానికి తెలియక కాదు. పాతికేళ్లుగా రేడియోలో పాత పాటల గురించి మాట్లాడుతున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? ఆ మాట్లాడటం వల్లే ఇంటా బయటా ఆయనకి ఆ పేరు స్థిరపడింది. తెలిసీ ప్లేట్లని కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. అద్దాలు బిగించి, దారిలో ఎవరో స్నేహితుడి ఇంట్లో రెండు గంటలు భోజనానికి కూర్చున్నాడు. తెలియక చేసినవాడికి బుద్ధి చెప్పొచ్చు. తెలిసి చేసి, చేతులు కడుక్కుని వచ్చినవాడిని ఏం చెయ్యాలో మేస్త్రికి ఇప్పటికీ తోచదు.

ఉపన్యాసం అతనికి పరాయివాడు కాదు, తోడల్లుడు. మేస్త్రి భార్యకి అక్క మొగుడు. మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కూడా కాదు. గడియారాల కొట్టు వెనకున్న గదిలో కూర్చుని, పాత గ్రామఫోన్ ప్లేట్లు తుడిచి, వాటిలో పాటని టేపు మీదికి దించుతాడు. ఆ వీధిలో అందరూ ప్లేట్ల మేస్త్రి అంటారు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ ముక్క ఉపన్యాసం ప్రతి పెళ్లిలోనూ ఒకరికి చెబుతాడు, అదీ మెచ్చుకుంటున్నట్టు: "ఏడో క్లాసే అండీ మా తమ్ముడు. అయితేనేం, చెయ్యి చూడండి."

ఆ ప్లేట్లు కంపెనీ అచ్చొత్తి అమ్మినవి కావు. యుద్ధం రోజుల్లో లోహం దొరక్క, గాజు పలక మీద నల్లని లక్కలాంటి పూత పూసి, పాడుతుండగానే ఆ పూత మీద గాడి కోసేవారు. ఒక్కో పాటకి ఒక్కటే ప్లేటు. అది పోతే పాట పోయినట్టే. అలాంటివి ఆరు. వాటిలో ఉన్నది ఆలస్యమ్మ గొంతు.

ఆలస్యమ్మ అసలు పేరు జాజ్ పాటలు వినేవాళ్లందరికీ తెలుసు. కానీ ఆమె వెనక వాయించినవాళ్లు మాత్రం ఆమెని ఆలస్యమ్మ అనే పిలుచుకున్నారు. డ్రమ్ము దెబ్బ పడ్డాక, అరక్షణం ఆగి, అప్పుడు మాట ఎత్తుకునేది. ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. ఆమె దగ్గర ఆలస్యమే అమృతం. మధ్యవయసులో ఆమె ఇచ్చిన పెద్ద పెద్ద ప్లేట్లు అందరి ఇళ్లలోనూ ఉన్నాయి. పేరు రాకముందు, పంతొమ్మిదేళ్ల వయసులో, ఒక డాన్సు హాల్లో పగటిపూట సాధన చేస్తుండగా పాడినవి ఎవరి దగ్గరా లేవు. ఈ ఆరు తప్ప.

వాటిని కోసిన మనిషి ఇంకా బతికే ఉంది. ఆ హాల్లో గాడి కోసే యంత్రం దగ్గర పనిచేసిన ఆవిడ. అందుకే మిషనమ్మ. డెబ్భై దాటింది. యాభై ఏళ్లు ఆ పలకల్ని మంచం కింద దాచుకుని, ఈమధ్యే రేడియోవాళ్లకి కబురు పెట్టింది. రెండు షరతులు పెట్టింది: టేపు మీదికి దించేది మేస్త్రే కావాలి, ప్లేట్లు నిలబెట్టి నీడపట్టున తీసుకెళ్లాలి. మొదటి షరతు ఉపన్యాసం తీర్చాడు.

*

కారులోంచి దించినప్పుడు అట్ట కవర్లు అప్పుడే దించిన పెనంలా ఉన్నాయి.

"ఇంత వేడిగా ఉన్నాయేంటి అన్నయ్యా?"

"ఎండాకాలం వేడిగా ఉండక చల్లగా ఉంటాయా తమ్ముడూ?"

"దారిలో ఎక్కడైనా ఆగారా?"

"ఒక్క నిమిషం. మావాడొకడు ఆలస్యమ్మ అంటే పడి చస్తాడు. చూపించకపోతే బాగుండదని."

 పెద్దల్ని నిలదీసే అలవాటు మేస్త్రికి లేదు. ఆరు కవర్లనీ చల్లటి గదిలో గోడవార నిలబెట్టి రెండు రోజులు ముట్టుకోలేదు. వేడెక్కిన గాజునీ, దాని మీది పూతనీ వాటి మానాన వాటిని సర్దుకోనివ్వాలి. 

మూడో రోజు పొద్దున మొదటి ప్లేటు తీశాడు. ప్రతి ప్లేటునీ ముందు దీపం కింద పెట్టి భూతద్దంతో చూడాలి. పూత ఎక్కడ చిట్లింది, గాడి ఎటునుంచి మొదలైంది. ఈ రెండోది ముఖ్యం. అప్పట్లో ఇలా కోసేవాళ్లు ఒక ప్లేటుని అంచునుంచి లోపలికీ, తర్వాతి ప్లేటుని లోపలినుంచి అంచుకీ కోసేవారు. ఒకటి అయిపోగానే రెండోది అందుకుంటే గొంతు నాణ్యం మారకుండా సాగుతుందని. మిషనమ్మ కూడా అంతే. ఒకటి, మూడు, అయిదు అంచునుంచి. రెండు, నాలుగు, ఆరు లోపలినుంచి. పలకల మీద ఏమీ రాయలేదు, కవర్ల మీదే అంకెలు వేసింది. మొదటి నాలుగూ మేస్త్రి భూతద్దంలో చూశాడు. అంకె తప్పలేదు.

మొదటి ప్లేటు మీద సూది దించాడు. పూత మీద సూది నడిచిన ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. వింటున్నంతసేపూ ఖర్చవుతున్న గొంతు అది. అందుకే మెచ్చుకుంటూ కూర్చునే తీరిక ఉండదు, సూదినే చూస్తూ ఉండాలి. అయినా విన్నాడు.

ఆ పిల్ల భయపడుతోంది. అది అతనికి మొదటి మాటలోనే తెలిసిపోయింది. రేడియోలో ఉపన్యాసం ఎప్పుడూ చెప్పేది, ఆలస్యమ్మ తాళాన్ని ధిక్కరించిందని, అదొక తిరుగుబాటని. తొలినాళ్ల పాటలు దొరికినా తప్పటడుగులే అయి ఉంటాయని కూడా అనేవాడు. మేస్త్రికి వినిపించింది వేరు. ఆ పిల్లకి సంగీతం రాసుకుని చదువుకోవడం రాదు. పియానో వాయించేవాడు ముందు స్వరం మోగిస్తాడు, ఆమె దాన్ని విని, గబుక్కున పట్టుకుని, ఆ తర్వాత పాడుతుంది. బడిలో ఎక్కాలు రాని పిల్ల పక్కపిల్ల పెదాలు చూసి అరక్షణం వెనక గొంతు కలిపినట్టు. మేస్త్రి ఏడేళ్లు బడిలో అలాగే నెట్టుకొచ్చాడు. ఏ నిమిషాన పంతులు పక్కవాణ్ణి లేపి, తనని ఒంటరిగా చెప్పమంటాడో అని వెన్ను గడ్డకట్టిన రోజులు అతనికి బాగా తెలుసు. ఆ రోజు వచ్చింది కూడా. మర్నాటినుంచి బడికి వెళ్లలేదు.

రెండో ప్లేటులో ఆమె తొందరపడి స్వరానికి ముందే నోరు తెరిచింది. తప్పని తెలిసి మాటని సగంలో మింగేసింది. మింగిన చప్పుడు కూడా ఆ గాడిలో ఉంది. మూడో ప్లేటులో మరీ ఎక్కువసేపు ఆగితే డ్రమ్ములవాడు కర్రతో అంచుమీద టకటకా కొట్టి గుర్తు చేశాడు. నాలుగో దాంట్లో అదే ఆగడం, కానీ ఈసారి కావాలని. భయాన్ని దాచుకోవడానికి మరో చోటు దొరక్క తాళం వెనక దాచుకుంది. అక్కడ అది అందంగా కనిపించింది. మేస్త్రి ఆ చోట సూదినుంచి కళ్లు తిప్పి ఒక్క క్షణం గోడకేసి చూశాడు. తర్వాత అలా చూసినందుకు తనని తాను తిట్టుకున్నాడు.

*

మిగిలిన రెండింటికీ మధ్యాహ్నం కూర్చున్నాడు. బయట కొట్టులో గడియారాలాయన ఎవరితోనో బేరం ఆడుతున్నాడు. భార్య టీ తెచ్చి బల్లకి దూరంగా, కిటికీలో పెట్టింది. ఆ బల్ల మీద తడి వస్తువు పెడితే మేస్త్రి ఏమంటాడో ఆమెకి తెలుసు.

అప్పుడే టక్ మంది.

చిన్న చప్పుడు. గోరుతో గోరు గిల్లినట్టు.

"ఏమిటండీ అది?"

"మాట్లాడకు."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గడియారాలాయన బేరం తప్ప ఏమీ వినపడలేదు. ఒక నిమిషం తర్వాత మళ్లీ టక్. గోడవార ఉన్న రెండు కవర్లలో ముందుదాంట్లోంచి.

 గాజుని పూత వదిలేస్తోంది. ఎండలో వ్యాకోచించి, చల్లగదిలో ముడుచుకుని, ఇక పట్టలేక చిట్లుతోంది. ఇలాంటిది ఒక్కసారి మొదలైతే ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. గంటలో ఆగిందీ చూశాడు, అయిదు నిమిషాల్లో పలక మొత్తం ఎండిన బురదమడిలా పెళ్లలు లేచిందీ చూశాడు. అప్పుడు సూది పెట్టడానికి కూడా చోటుండదు.

కవరు తీసుకున్నాడు. దాని మీద అయిదు అంకె. పలకని అరచేతుల మధ్య అంచులు పట్టుకుని బయటికి తీశాడు. పైన పిండి చల్లినట్టు తెల్లటి పొడి. పూతలోంచి ఏళ్ల తరబడి ఊరివచ్చే పొడి అది. నీళ్లతో తుడిస్తే పోతుంది, కానీ చిట్లిన పూత కిందికి తడి దిగితే చర్మంలా ఊడొస్తుంది. మెత్తని కుంచెతో పొడిగానే దులిపాడు. దులుపుతుండగా మళ్లీ టక్. ఈసారి చేతికి తెలిసింది. అంచు దగ్గర వెంట్రుకంత పగులు అతని కళ్లముందే ఒక గోరు పొడవు పాకింది.

"భూతద్దం ఇవ్వనా?" అంది భార్య.

"టైము లేదు. టేపు తిప్పు."

ఆమె మీట నొక్కింది. చక్రాలు తిరిగాయి. పలక తిరిగింది. అయిదో ప్లేటు, అంచునుంచి లోపలికి. మేస్త్రి అంచుమీద సూదిని దించాడు.

లోపలికి పోవాల్సిన సూది బయటికి నడిచింది.

అతనికి అర్థమయ్యేలోపే అది అంచుదాకా జారి, పగిలిన పూత కింద మొన దూర్చి, ఒక పెళ్లని ఎత్తి, గాజు మీద గీరుకుంటూ కింద పడింది. బల్ల పక్కనున్న స్పీకర్లో పిడుగు పడ్డట్టయింది. చెయ్యి ఎత్తాడు. పెళ్ల ఎగిరి బల్ల మీద పడి, వేలు తగలకుండానే మూడు ముక్కలైంది.

"అయ్యో," అంది భార్య, అంతే.

 మేస్త్రి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఇప్పుడు భూతద్దం తీశాడు. గాడి లోపలినుంచి మొదలై అంచువైపు వస్తోంది. ఇది అయిదు కాదు, ఆరు. కవర్లు మారిపోయాయి. ఎవరో భోజనాల బల్ల దగ్గర రెండు పలకల్ని బయటికి తీసి, చూపించి, ఒకదాని కవర్లో ఇంకొకటి దూర్చారు. ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా?

కానీ భూతద్దం బల్ల మీదే ఉంది. భార్య ఇస్తానంది కూడా. గాడి చూడటానికి పది సెకన్లు పట్టేది.

టక్.

ఏడవడానికి కూడా తీరిక లేదు. పలక తిరుగుతూనే ఉంది. పెళ్ల పోయింది అంచు దగ్గర, అంటే పాట చివర. మొదలు లోపల ఉంది. మేస్త్రి మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని, పలక నడుమ అంటించిన ఖాళీ కాగితపు వృత్తం పక్కనే ఉన్న మొదటి గాడిలో సూదిని దించాడు.

ముందు చరచర. తర్వాత ఒక హాలు. ఖాళీ హాలుకి ఒక శబ్దం ఉంటుంది, కుర్చీ జరిపితే తెలుస్తుంది. కుర్చీ జరిగింది. ఆ పిల్ల గొంతు, పాట కాదు, మాట.

"ఆయన రాలేదా ఇంకా?"

"పలక తిరుగుతోందే, పాడు." ఇది యంత్రం పక్కనున్న అమ్మాయి. మిషనమ్మ, యాభై ఏళ్ల కింద.

"పియానో లేకుండానా? నాకు రాదు. ఆపెయ్యవా?"

"ఇది ఆపితే ఇంకో పలక లేదు. పాడు."

 పక్కవాడిని తీసేశారు. ఒంటరిగా చెప్పమన్నారు.

డ్రమ్ము మెల్లగా మొదలైంది, కుంచెలతో రాసినట్టు. మొదటి స్వరం ఎవరూ ఇవ్వలేదు. ఆమె ఎదురుచూసింది. ఒక దెబ్బ పోయింది, రెండు పోయాయి. మూడోది కూడా పోతుంటే మేస్త్రి తెలియకుండానే పెదాలు కదిపాడు, ఆమెకి అందిస్తున్నట్టు. అప్పుడు ఎత్తుకుంది. వణుకుతోంది గొంతు. కానీ ఆ ఆలస్యం అలాగే ఉంది. వెనక ఎవరూ లేకపోయినా, అందరూ లేచి వెళ్లిపోయిన గదిలో ఎవరికోసమో కాస్త ఆగి మాట్లాడుతున్నట్టు. లేని పియానోని ఆమె తనలో తను విని, ఆ తర్వాత పాడుతోంది. రెండో చరణానికి వణుకు తగ్గలేదు. దాన్నే పట్టుకుని పాడింది, చీకట్లో మెట్లు దిగేవాడు గోడని పట్టుకున్నట్టు. తర్వాత ముప్పై ఏళ్లు లోకమంతా చప్పట్లు కొట్టిన గొంతు ఇక్కడ, ఈ పలక మీద, ఎవరూ లేని హాల్లో పుట్టింది. భార్య గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. సంగీతం అంటే చెవి కోసుకునే మనిషి కూడా కాదు ఆమె.

టక్. సూది ఒకసారి ఎగిరి మళ్లీ అదే గాడిలో పడింది. 

ఆఖరి చరణం. తలుపు చప్పుడు. ఎవరో హాల్లోకి వస్తున్న అడుగులు. పియానో మూత ఎత్తిన చప్పుడు. ఆయన వచ్చాడు. డ్రమ్ము కాస్త నెమ్మదించింది, చోటిస్తున్నట్టు. ఆయన స్వరం ఇచ్చేదాకా ఆమె ఆగుతుందా, లేక ఇక అక్కర్లేదని ముందుకే వెళ్తుందా? హాలంతా దానికోసమే ఆగింది. ఆమె ఊపిరి లోపలికి తీసుకుంది.

సూది ముందు గాజు తళుక్కుమంది. ఇంకొక్క చుట్టు నడిస్తే మొన గాజుకి కొట్టుకుని, పక్కనున్న పూతని కూడా ఎత్తేస్తుంది. మేస్త్రి చెయ్యి ఎత్తాడు.

*

సాయంత్రానికి ఉపన్యాసం వచ్చాడు. ఆరు అంకె వేసిన కవరులో ఉన్న అసలు అయిదో ప్లేటు అప్పటికి టేపు మీదికి దిగిపోయింది, గీత కూడా పడకుండా. ఆరోది మాత్రం బల్ల మీద, నల్లటి పెళ్లలూ గాజూగా ఉంది. సూది ఎత్తిన అరగంటకి మిగతా పూత కూడా లేచిపోయింది.

"చంపావు తమ్ముడూ," అన్నాడాయన, కుర్చీలో కూలబడి.

"కవర్లు మార్చింది ఎవరు అన్నయ్యా?"

"కవర్లదేముంది? నువ్వు చూసుకోవాలిగా. భూతద్దం ఎందుకు, చీమలు చూడ్డానికా?"

మేస్త్రి భూతద్దం కేసి చూశాడు. ఆ ఒక్క మాటా నిజమే.

"బావగారూ, కారు ఎండలో పెట్టింది కూడా ఈయనేనా?" అంది భార్య, చీపురుతో మూల ఊడుస్తూ, తలెత్తకుండా.

ఉపన్యాసం దగ్గాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గొడవెందుకమ్మా. ఒక దారి ఉంది. మంచం కిందనుంచి తీసినప్పుడే పూత లేచిపోయి ఉందని చెబుదాం. ముసలావిడకి కళ్లు కూడా సరిగా కనబడవు. తమ్ముడి పేరూ పోదు, నా ఉద్యోగమూ పోదు. రేడియోలో అయిదు వేద్దాం. ఆరోది ఉన్నట్టు వినేవాళ్లలో ఎవరికి తెలుసు?"

ఫోను మోగింది. ఈ వేళకి చేస్తానని మిషనమ్మ ముందే చెప్పింది. ఉపన్యాసం వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

మేస్త్రి రిసీవరు తీశాడు. చెవి దగ్గర అది వేడిగా అనిపించింది.

"నాయనా, అయ్యాయా?"

"అయ్యాయమ్మగారూ." టేపు చక్రం వంక చూశాడు. "అయిదు బాగా వచ్చాయి."

 అవతలున్నది యాభై ఏళ్లు పలకల్ని దాచుకున్న మనిషి. ఆగడం తెలుసు ఆవిడకి.

"ఆరోది?"

ఉపన్యాసం తల అడ్డంగా ఊపుతున్నాడు.  ఇలాంటప్పుడు పక్కవాడి పెదాల కేసి చూడటం మేస్త్రికి చిన్నప్పటినుంచీ అలవాటు. పక్కవాడు ఏం చెప్పమంటున్నాడో స్పష్టంగా కనబడుతోంది కూడా.

"ఎండలో వేడెక్కింది. కవర్లు తారుమారయ్యాయి. అయినా నేను గాడి చూడకుండా అంచున సూది పెట్టాను. భయపడి చూడలేదు. చూసుంటే మొత్తం వచ్చేది."

ఉపన్యాసం లేచి నిలబడ్డాడు. భార్య చీపురు ఆపింది.

మిషనమ్మ అడిగింది. "ఎక్కడిదాకా వచ్చింది?"

"పియానో ఆయన వచ్చాడు. మూత తీశాడు. ఆమె ఊపిరి తీసుకుంది. అక్కడిదాకా."

"హూఁ."

"అమ్మగారూ, ఆ తర్వాత ఏమైంది? ఆయనకోసం ఆగిందా?"

"గుర్తుంటే యాభై ఏళ్లు వాటిని మంచం కింద ఎందుకు పెట్టుకుంటాను నాయనా?" అందావిడ. కోపం లేదు గొంతులో. అది ఉన్నా బాగుండేది. "గుర్తులేకే దాచాను. ఎంత పోయింది? సరిగ్గా చెప్పు."

మేస్త్రి ఆ లెక్క అప్పటికే కట్టి ఉన్నాడు. పెళ్ల ముక్కలు మూడింటినీ తెల్లకాగితం మీద కలిపి పెట్టి, భూతద్దం కింద గాళ్లని ఒక్కొక్కటీ గుండుసూదితో లెక్కపెట్టాడు, రెండుసార్లు, తప్పేమోనని మూడోసారి.

"యాభై మూడు చుట్లు అమ్మగారూ. నలభై ఒక్క సెకన్లు."